సూత్రాధ్యక్షుణ్ణి ఎందుకు దాటేస్తారు?



 ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిటో ఆ మాస్టారి గొప్పతనం గురించి ముందు మాట్లాడినవాళ్లు చెప్పేశారు. నాకు గుర్తున్నది వేరు. సాఖర్‌పేటలో వాళ్లింటికి ట్యూషన్‌కి పోతే బల్బు ఒక్కటే, అదీ మగ్గం మీద. ఆయన నేస్తుంటే మేం ఆ వెలుగు అంచున కూచుని ఎక్కాలు అప్పజెప్పేవాళ్లం. తప్పు చెబితే నాడె ఆగేది. నాడె ఆగిందంటే చెవి సిద్ధం చేసుకోవాలి. నా శ్రద్ధాంజలి ఇంతే.

ఆహ్వాన కార్డులో 'అంతర్జాతీయ సంబంధాల సిద్ధాంతాలు' అని వేశారు. షోలాపూర్ కదా, డాక్టర్ కోట్నిస్‌తో మొదలుపెడతానని కొందరు అనుకొని ఉంటారు. 1938లో చైనా వెళ్లి 1942లో అక్కడే కన్నుమూసిన ఈ ఊరి బిడ్డ గురించి మీకు నేను చెప్పేదేముంది! మార్గెంథావ్ 1948లో, వాల్ట్జ్ 1979లో రాసిన పుస్తకాలు కాలేజీ పిల్లలకు ఎలాగూ తప్పవు. దేశాలు ఎందుకు తలపడతాయంటే ఒకాయన అధికారకాంక్ష అంటాడు, రెండో ఆయన వాటి పైన పెద్దదిక్కు లేకపోవడం అంటాడు. సరే. నా తగాదా కౌటిల్యుడి దగ్గర.

1905లో మైసూరులో పండితుడు శామశాస్త్రి చేతికి కౌటిల్యుడి అర్థశాస్త్రం తాటాకు ప్రతి వచ్చింది. 1909లో అచ్చయింది. 1919లో మాక్స్ వెబర్ ఒక ఉపన్యాసంలో, దీని ముందు మాకియవెల్లి అమాయకుడన్నట్టు ఒక మాట అన్నాడు. వందేళ్లుగా అదే పాట. పొరుగువాడు శత్రువు, వాడి పొరుగువాడు మిత్రుడు, రాజమండలం అంటే ఇంతేనని పరీక్షల్లో రాయిస్తున్నారు. అది ఆరో అధికరణం రెండో అధ్యాయం. అక్కడే పుస్తకం మూసేస్తే ఎలా? ఏడో అధికరణం 18వ అధ్యాయంలో కౌటిల్యుడు సరిహద్దు రాజుల్ని శత్రుభావం, మిత్రభావం, భృత్యభావం కలవాళ్లని మూడు రకాలు చేశాడు. పక్కింటివాడు మిత్రుడూ కావచ్చని ఆయనే రాస్తే కాదనడానికి మనమెవరం? ఆ అధికరణంలోనే, సంధికీ యుద్ధానికీ లాభం సమానమైతే సంధే మేలన్నాడు.

“లాభమెక్కువైతే యుద్ధమేగా” అని ఒక సెమినార్‌లో ఒక పెద్దమనిషి అడ్డం వచ్చారు. నిజమే. ఆ లాభాన్ని కౌటిల్యుడు దేంతో కొలిచాడో మాత్రం ఆయన చూడలేదు. రాజు కోటలు, చెరువులు, వర్తక మార్గాలు, గనులు పెరుగుతున్నాయా అన్నదే కొలత. విదేశాంగానికి తూకంరాయి ఇంట్లోనే ఉంది. అందుకే నేను రెండో అధికరణం 23వ అధ్యాయం పట్టుకున్నాను, సూత్రాధ్యక్షుడి అధ్యాయం, అంటే నూలు వ్యవహారాలు చూసే అధికారిది. అది ఇంటి పాలన, మాకెందుకని విదేశాంగం చదివేవాళ్లు తోసేస్తారు. మొదటి వాక్యంలోనే నూలు, గుడ్డ, తాళ్లతో పాటు కవచాలు కూడా అతని కిందే పెట్టాడయ్యా! కవచాలు తొడుక్కుని ఎవరైనా పెళ్లికి పోతారా?

ఆ నూలు వడికేది వితంతువులు, అవిటి స్త్రీలు, దిక్కులేనివాళ్లు. గడప దాటనివాళ్లకు దాసీల చేత పని పంపాలి. తెల్లవారుజామున నూలు తెచ్చినామె ముందు దీపం నూలు పరీక్షకే. ముఖం చూసినా, వేరే మాట కలిపినా జరిమానా. కూలి ఆలస్యం చేస్తే అంతకంటే పెద్ద జరిమానా. కూలి తీసుకుని పని ఎగ్గొట్టినామెకు బొటనవేలు, చూపుడువేలు మీద శిక్ష. ఇదీ దాచను.

ఇప్పుడు ఈ అధ్యాయానికి తెలుగు టీక రాస్తున్నాను. ఈ పేటలో కండెలు చుట్టే అక్కలే నా పండితులు. సన్నం, ముతక, మధ్యరకం చూసి కూలి కట్టాలన్న చోటు చదివి వినిపిస్తే ఒకామె అడిగింది: “సన్నమో ముతకో చెప్పేదెవరు సారూ, సేటేనా?” అక్కడ అర పేజీ ఖాళీ ఉంచాను. అది నింపడానికి మీ ఇళ్లలో పాత పగారు చీటీలుంటే తెచ్చివ్వండి. రేపు సాయంత్రం దాకా స్మారక కమిటీ గదిలోనే ఉంటాను.