ఎక్స్-రేలను లెక్కపెట్టే పెట్టె

మస్కట్‌లో జరుగుతున్న ఈ తెలుగు సదస్సులో కవిత్వం, కథ గురించి మాట్లాడే పెద్దలు చాలామంది ఉన్నారు. అందుకే అధ్యక్షుడిగా నాకు దక్కిన ఈ కాసేపు ఒక యంత్రభాగం గురించి చెబుతాను: ఎక్స్-రే టెలిస్కోపులోని డిటెక్టర్.

నల్లబిలం చుట్టూ కాగుతున్న వాయువులో పుట్టిన ఎక్స్-రే వేల ఏళ్లు ప్రయాణించి వచ్చి, తీరా మన గాలిపొరలో ఇంకిపోతుంది. దాన్ని పట్టాలంటే పరికరమే పైకి వెళ్లాలి. 1962 జూన్‌లో రికార్డో జాకోని బృందం ఒక చిన్న రాకెట్‌లో గైగర్ కౌంటర్లు పెట్టి పంపింది. వాతావరణం పైన అవి ఉన్నది కొద్ది నిమిషాలే. ఆ కాస్త వ్యవధిలోనే వృశ్చిక రాశి దిక్కున, సూర్యుడికి ఆవల, తొలి ఎక్స్-రే తార దొరికింది. 2024 డిసెంబరులో ఇక్కడి దుక్మ్ నుంచి చిన్న రాకెట్ లేచినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ సంగతే.

మన కథ హైదరాబాద్‌లో నడిచింది. అక్కడ టాటా మౌలిక పరిశోధన సంస్థకు బెలూన్ కేంద్రం ఉంది. పలచటి పాలిథీన్ బెలూన్లలో హైడ్రోజన్ నింపి వదిలితే అవి నలభై కిలోమీటర్ల దాకా వెళతాయి. శక్తి ఎక్కువున్న ఎక్స్-రేలు అంతవరకూ దిగివస్తాయి. పని అయ్యాక పరికరం పారాచూట్‌తో ఏ పొలంలోనో వాలుతుంది. అందుకని ముందే పత్రికల్లో ప్రకటన వేస్తారు: పెట్టె కనబడితే విప్పకండి, పోలీసులకు చెప్పండి, బహుమానం ఇస్తాం. ఊళ్లో రైతు చెయ్యి పెట్టకుండా కాపాడిన పెట్టెల మీదే మన ఎక్స్-రే ఖగోళశాస్త్రం ఎదిగింది. ఈ మాట మన పుస్తకాల్లో ఎక్కడా పెద్ద అక్షరాలతో కనబడదు.

ఆ బెలూన్లలో రాటుదేలిన జెనాన్ వాయువు కౌంటర్ల వారసులే మన ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌లోని మూడు లాక్స్‌పీసీ డిటెక్టర్లు. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్లాయి. పెట్టె నిండా జెనాన్, మధ్యలో అధిక వోల్టేజిలో సన్నటి తీగలు. ఒక ఎక్స్-రే లోపలికి రాగానే జెనాన్ పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొడుతుంది. అది మరికొన్నిటిని, అవి ఇంకెన్నిటినో విడిపిస్తాయి. చివరికి తీగలో ఒక విద్యుత్ స్పందన. స్పందన ఎంత పెద్దదో చూస్తే ఎక్స్-రే శక్తి తెలుస్తుంది. కాస్మిక్ కిరణాలు కూడా ఇలాగే మోగిస్తాయి. అయితే అవి పెట్టెను ఆ చివర నుంచి ఈ చివరకు చీల్చుకుపోతాయి కాబట్టి, అంచు తీగలూ ఒకేసారి మోగితే ఆ లెక్క కొట్టేస్తారు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఎక్స్-రే లోపలికి వచ్చే ఆ పెట్టె కిటికీ. యాభై మైక్రాన్ల మైలార్ పొర. ఇటు దాదాపు రెండు వాతావరణాల పీడనం, అటు శూన్యం. మందం పెంచితే తక్కువ శక్తి ఎక్స్-రేలు లోపలికి రావు, తగ్గిస్తే చిరుగుతుంది. మూడు పెట్టెల్లో ఒకదానిలో వాయువు కారిపోయి 2018లో ఆపేయాల్సి వచ్చింది. పైకి వెళ్లి బాగుచేసేవాళ్లు ఎవరూ లేరు. అదే ఉపగ్రహంలో వాయువు అవసరం లేని కాడ్మియం జింక్ టెల్యురైడ్ స్ఫటికాలు కూడా ఉన్నాయి: 64 పలకలు, 16,384 గడులు. గోల చేసే గడులను ఒక్కొక్కటిగా మూసేస్తారు. జపాన్ వారి ఎక్స్-రే ఉపగ్రహం క్రిజ్మ్ 2023లో వెళ్లింది. అందులో పరమశూన్య ఉష్ణోగ్రతకు డిగ్రీలో ఇరవయ్యో వంతు దూరంలో చల్లబరిచిన డిటెక్టర్, ఒక్కో ఎక్స్-రే తెచ్చే వెచ్చదనాన్నే కొలుస్తుంది. దాని ముందున్న తలుపు తెరుచుకోలేదు, అయినా పని ఆగలేదు.

మన పత్రికలు రాకెట్ లేచిన రోజు పేజీలు నింపుతాయి. కిటికీ పొర కోసం గడిచిన ఏళ్లను వదిలేస్తాయి. ఇది నాకు బాధ కలిగించే విషయం. మీలో కూడా డిటెక్టర్లతో పనిచేసేవాళ్లు, ఫహూద్, మర్ముల్ చమురు బావుల దగ్గర గామా కిరణాల కొలతలు తీసేవాళ్లున్నారు. బావిలోకి దించే మీ డిటెక్టర్ వేడికి ఎలా తప్పుతుందో, ఎలా సరిచేస్తారో మీకు తెలుసు. దాన్ని తెలుగులో రాయండి, పేజీ అయినా చాలు. మధ్యాహ్నం సమావేశంలో ఆ రాతలు చదవడానికి గంటసేపు కేటాయించమని నిర్వాహకులను కోరాను, వారు ఒప్పుకున్నారు. పేర్లు ఇవ్వదలచినవారు భోజన విరామంలో నన్ను కలవండి.