తొలి పరుగు: అడుగు పడవలసిన చోటు



పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలుచుండి నీళ్ళు త్రాగుట మేలని పెద్దలు చెప్పిరి. కచేరీ ఉద్యోగులు ఈ సామెతను పెద్దలు తలచినదానికంటె శ్రద్ధగా పాటించిరి. నిలుచుండుటయు మాని కూర్చుండియే త్రాగుచున్నారు. నలువది ఏండ్లు దాటిన పిదప ఒకనాడు వైద్యుడు రక్తపోటు చూచి ఒక మాట అనును. మరునాటి ఉదయమే ఆ ఉద్యోగి క్రొత్త బూట్లు తొడిగి, లోదీ తోటలోనో నెహ్రూ పార్కులోనో పరుగు ప్రారంభించును. మూడవనాడు మోకాలు పట్టుకొని బెంచీపై కూర్చుండును. పదవనాటికి బూట్లు మంచము క్రిందికి చేరును. పరుగు తన వంటికి పడదని అతడు తీర్మానించుకొనును. ఈ తీర్మానము చాలమంది విషయమున తొందరపాటు.

పరుగు అందరికిని బాల్యమున వచ్చిన విద్యయే. కాని ఇరువది సంవత్సరములు కుర్చీలో గడపిన దేహము దానిని మరచును. బడి పందెముల జ్ఞాపకముతో పెద్దవాడు కాలు ముందునకు చాచి, మడమను నేలకు గ్రుద్దును. కీడంతయు అక్కడనే ఉన్నది. పరుగులో పాదము నేలను తాకినప్పుడెల్ల దేహముపై పడు తాకిడి, దేహపు బరువునకు రెండు మూడు రెట్లుండును. 75 కిలోల మనిషికి ఇది 150 మొదలు 225 కిలోల వరకు అగును. చాచిన కాలు దేహమునకు ముందుగా పడినచో, ఆ తాకిడి బండికి బ్రేకు వేసినట్లు పనిచేసి మోకాలిని బాధించును. పాదము మోకాలికి ఇంచుమించు క్రిందుగా, దేహమునకు దగ్గరగా పడవలెను; మోకాలు కొంచెము వంగియుండవలెను.

ఇందులకు సులభోపాయము అడుగులు కుదించి, వాని సంఖ్యను పెంచుట. 2011లో ప్రకటితమైన ఒక అమెరికన్ పరిశోధనలో, వేగము మార్చక, నిమిషమునకు వేయు అడుగులను నూటికి 5 చొప్పున హెచ్చించినపుడు మోకాలిపై భారము తగ్గినదనియు, 10 చొప్పున హెచ్చించినపుడు తుంటిపై భారమును తగ్గినదనియు తేలినది. అర నిమిషములో కుడి పాదము నేలను ఎన్ని సారులు తాకినదో ఎంచి, దానిని నాలుగింతలు చేసినచో నిమిషపు లెక్క వచ్చును. అది 156 అయినచో, 164 చేసికొనిన చాలును. కొందరు 180 అను సంఖ్యను మంత్రమువలె జపింతురు. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్సులో మహావేగులను గమనించి జాక్ డేనియల్స్ అను శిక్షకుడు చెప్పిన సంఖ్య అది. గుమాస్తాకు దానితో పని లేదు.

తక్కినది కొద్దిపాటి. చూపు ఎదుటి దారిపై ఉండవలెను. భుజములు చెవుల దాపునకు ఎక్కకూడదు. మల్లెపూలు నలుగకుండ పట్టుకొనునంత సుతారముగ పిడికిలి ఉండవలెను. నడుము వద్ద వంగరాదు. ఫైళ్ళపై వంగిన అలవాటు ఇక్కడ బయటపడును.

అట్లని పైరూపమునే పూజింపరాదు. చెకొస్లొవేకియా వీరుడు ఎమిల్ జాటోపెక్ పరుగెత్తునపుడు తల ఊగులాడెడిది, ముఖము వికృతమయ్యెడిది. 1952 హెల్సింకి ఒలింపిక్సులో అతడు 5,000, 10,000 మీటర్ల పందెములతోబాటు, అంతకుముందెన్నడును పరుగెత్తని మారథానును గూడ గెలిచెను. బూట్ల విషయమును ఇట్టిదే. ఇథియోపియా వాసి అబెబె బికిలా 1960లో రోమునగరమున వట్టి కాళ్ళతో మారథాను గెలిచెను. 1964లో టోక్యోలో బూట్లు తొడిగి గెలిచెను. ఉద్యోగికి కావలసినవి వ్రేళ్ళు ఒరయని, మడమ జారని బూట్లు. వెల ఎక్కువైనంత మాత్రమున అడుగు చక్కబడదు.

అన్నిటికంటె కష్టమైనది మెల్లగా పరుగెత్తుట. ప్రక్కవారితో రెండు మూడు వాక్యములు తడబడక మాటలాడగలిగినంత వేగమే వేగము. మొదట అయిదు నిమిషములు నడిచి, ఒక నిమిషము పరుగు, రెండు నిమిషములు నడక, ఈ విధముగా ఏడెనిమిది మారులు చేయవలెను. దినము విడిచి దినము చాలును. గుండెయు ఊపిరియు కొన్ని వారములలో అలవడును; స్నాయువులకును ఎముకలకును నెలలు పట్టును. రెండవ నెలలో ఆయాసము తగ్గి ఉత్సాహము హెచ్చినపుడే పిక్కయు మడమయు నొచ్చుట ఇందువలననే. మధుమేహము, రక్తపోటు, హృద్రోగము ఉన్నవారు ముందుగా వైద్యునడుగవలెను. పరుగులో ఎదపై బరువు, దవడకో చేతికో ప్రాకు నొప్పి, కన్నులు చీకట్లు క్రమ్ముట కలిగినచో ఆ క్షణముననే ఆగి సహాయము పిలువవలెను. ఇంటికి నడిచిపోయి చూతమనుట ప్రాణాపాయము.

భార్యను బెంచీపై కూర్చుండబెట్టి, మంచినీళ్ళ సీసా చేతికిచ్చి, తానొక్కడే పరుగెత్తు గృహస్థులు కొందరు కనబడుదురు. ముట్లుడిగిన పిదప స్త్రీల ఎముకలు వేగముగ పలుచబడును. భారము మోయు వ్యాయామము వారికే మరింత అవసరము. పై నియమములన్నియు వారికిని అట్లే వర్తించును. సీసాను బెంచీపై ఉంచవచ్చును.

రాజధానిలో నివసించువారికి ఒక్క చిక్కు కలదు. కార్తికము మొదలు సంక్రాంతి వరకు పొగమంచులో పొగయే ఎక్కువ. గాలి నాణ్యతా సూచిక 300 దాటిన ఉదయములలో ఆరుబయట పరుగెత్తుట కూడదు. పరుగెత్తువాడు కూర్చున్నవానికంటె ఎన్నో రెట్లు ఎక్కువ గాలి పీల్చును. అట్టి దినములలో ఇంటిలోనే, నిలిచినచోట, పైన చెప్పినట్లు చిన్న అడుగులు పది నిమిషములు వేయవచ్చును. క్రింది వాటాలో కాపురమున్నవారికి ముందుగా ఒక మాట చెప్పుట మంచిది.