పదమూడేళ్ల బొమ్మలకు దహనక్రియ



1970 జూలై 24న అమెరికాలోని శాన్‌డియేగోలో ఒక దహనవాటికకు బొమ్మలు వచ్చాయి. తెచ్చినవాడు జాన్ బాల్డెస్సారి. అప్పటికి ఆయన వయసు 39. ఆ పక్కనే ఉన్న నేషనల్ సిటీలో పుట్టి పెరిగాడు, విద్యార్థులకు బొమ్మలు నేర్పుతూ బతికాడు, తీరిక దొరికినప్పుడల్లా బొమ్మలు వేశాడు. కొనేవాళ్లు లేక క్యాన్వాసులు స్టూడియోలో పేరుకుపోయాయి. 1953 మే నుంచి 1966 మార్చి దాకా వేసినవాటిలో తన దగ్గర మిగిలిన బొమ్మలన్నిటినీ ఆ రోజు నిప్పుకు అప్పగించాడు.

అంతటితో ఊరుకోలేదు. పుస్తకం ఆకారంలో కంచు కలశం చేయించి బూడిదను అందులో దాచాడు. సమాధి రాతి మీద చెక్కినట్టు ఒక కంచు ఫలకం మీద తన పేరు, ఆ రెండు తేదీలు చెక్కించాడు. నోటరీ చేత ధ్రువీకరించిన అఫిడవిట్‌ను పత్రికలో అచ్చు వేయించాడు. కొంత బూడిదను పిండిలో కలిపి బిస్కెట్లు కాల్చాడు. ఈ దహనాన్నే ఒక కళాకృతిగా మలిచాడు; బిస్కెట్లు తయారుచేసే పద్ధతి కూడా అందులో భాగమే.

దీన్ని పిచ్చి అని కొట్టిపారేయడం సులువు. కానీ తేదీలు చూడండి. బొమ్మలు తగలబెట్టే నాటికి నాలుగేళ్ల ముందే ఆయన తోవ మారింది. క్యాన్వాసు మీద ఫోటోలు, మాటలు పెట్టడం మొదలుపెట్టాడు. ఆ మాటలను సైన్‌బోర్డులు రాసే పెయింటర్ చేత రాయించాడు. 1966 తర్వాతి ఆ పనిని మాత్రం తగలబెట్టలేదు. కొత్త పని చేతికి వచ్చాక, దాన్ని నాలుగేళ్లు పరీక్షించుకున్నాక పాతదాన్ని వదిలాడు. నిరాశలో చేసే పనికి ఇంత ఓపిక ఉండదు. 1970లోనే కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ది ఆర్ట్స్‌లో పాఠాలు చెప్పడానికి చేరాడు. డేవిడ్ సాలీ, మైక్ కెల్లీ లాంటి కళాకారులు ఆయన దగ్గరే చదువుకున్నారు. 2009లో వెనిస్ బినాలే కళా ప్రదర్శన ఆయనకు జీవితకాల సాఫల్యానికి గోల్డెన్ లయన్ ఇచ్చింది.

తన బొమ్మలను తానే నాశనం చేసుకున్నవాడు ఆయన ఒక్కడే కాదు. జర్మన్ చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్ 1961లో తూర్పు జర్మనీ వదిలి డుసెల్‌డార్ఫ్ చేరాడు. 1960లలో తన బొమ్మలు పదుల సంఖ్యలో తానే నాశనం చేశాడు. అయితే వాటిలో కొన్నిటికి ముందే ఫోటోలు తీసి ఉంచుకున్నాడు. బొమ్మ పోయినా దాని జాడ మిగిలింది. ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే సంగతి వేరు. 1908లో పారిస్ ప్రదర్శనకు ముందు తన కలువపూల బొమ్మలు చాలావాటిని అసంతృప్తితో పాడుచేశాడు. ప్రదర్శన మరుసటి ఏడాదికి వాయిదా పడింది. 1909లో 48 కలువపూల చిత్రాలు గోడకెక్కాయి. పాడైపోయినవాటిలో ఏముందో ఇప్పుడు ఎవరూ చూడలేరు.

ఇక రాజమహేంద్రవరం వైపు చూడాలి. చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో మశూచితో పోయాడు, ముప్పై ఏళ్లయినా నిండలేదు. తన పనిలో ఏది ఉండాలో, ఏది పోవాలో తేల్చుకునే వయసే ఆయనకు దక్కలేదు. ఆత్మీయులు ఆ బొమ్మలను కాపాడారు కాబట్టే ఆ ఊళ్లో ఆయన పేరిట ఆర్ట్ గ్యాలరీ ఉంది, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ వేసిన చిత్రాలు కూడా అక్కడ చూడవచ్చు. పారేయడం కళాకారుడి హక్కు. ఆ హక్కు వాడుకునేలోపే ప్రాణం పోతే, దాచేవాళ్ల మీదే ఒక తరం కళ ఆధారపడుతుంది.

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న చిత్రకళా విద్యార్థులారా, రేపు మీరు హాస్టల్ గదులు ఖాళీ చేయాలి. మంచాల కింద చుట్టలు చుట్టిన కాగితాలు, తలుపు వెనక నిలబెట్టిన క్యాన్వాసులు, రంగు ఎండిన అట్టలు బయటికి వస్తాయి. ఈ హడావుడిలో ఏదీ చించకండి. ప్రతి బొమ్మనూ వెలుతురులో పెట్టి ఫోటో తీయండి. కొలత, ఏ రంగులతో వేశారు, ఏ ఏడాది అన్నది వెనక రాయండి. మొదటి ఏడాది స్కెచ్ పుస్తకాలను మాత్రం ఇంటికి తీసుకెళ్లండి, వాటి మీద తీర్పు చెప్పడానికి ఇంకా చాలా ఏళ్లున్నాయి. ఇక ఏ రకంగానూ అక్కర్లేదనిపించిన క్యాన్వాసు ఉంటే గుడ్డ విప్పి ఫ్రేము జూనియర్లకు ఇవ్వండి. కొత్త ఫ్రేముకు డబ్బుల్లేని విద్యార్థి ఈ కాలేజీలో ప్రతి ఏడాదీ ఉంటాడు.