తుంటి లోపం – తగిన వయసు



తుంటి కీలు గిన్నెలో బంతి వంటిది. పుట్టుకతో ఆ గిన్నె లోతు చాలని శిశువుకు నొప్పి తెలియదు. నడక వచ్చి కుంటినప్పుడే పలువురి లోపం బయటపడుతుంది. ఆరు నెలల లోపు గుర్తిస్తే, కాళ్లను ఎడంగా నిలిపే పట్టీలే సాధారణంగా చాలును.

నడక వచ్చిన బిడ్డకు శస్త్రచికిత్స అవసరం కావచ్చు. 1957లో టొరంటో వైద్యుడు రాబర్ట్ సాల్టర్, గిన్నెకు పైనున్న కటి ఎముకను కోసి, గిన్నెను బంతిని కప్పేలా తిప్పి, ఆ సందులో బిడ్డ ఎముక ముక్కనే అమర్చారు. ఒకటిన్నర నుండి ఆరేళ్ల వయసు దీనికి అనువైనది; ఎదిగే ఎముకే వైద్యునికి తోడు. వయసు మీరినకొద్దీ చికిత్స జటిలమవుతుంది.

కావున "పెరిగితే అదే సర్దుకుంటుంది" అని ఊరకుండరాదు. పసికందు కాళ్లు చాచి బిగించి చుట్టరాదు. కాళ్లు ఎడంగా ఉండేలా చంకనెత్తుకొను మన తల్లుల తీరే తుంటికి మేలు.