రక్తపుపోటు - చదువరి చూపు
(ఎచ్చెర్ల గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయమునకు పుస్తకములెంత ముఖ్యమో చదువరుల చూపును అంత ముఖ్యము. చూపు తగ్గినంతనే శుక్లము వచ్చెననియో, కంటద్దములు మార్చవలెననియో జనులు తలతురు. కాని కన్ను ద్వారము మాత్రమే. చూచి గ్రహించునది మెదడు.

కంటి వెనుక పొరపై పడిన రూపమును దృష్టినాడి మెదడునకు కొనిపోవును. రెండు నాడులును మెదడు అడుగున కలిసికొనును. అచట ముక్కువైపు తంతువులు ఆవలి ప్రక్కకు దాటును. అందుచే కుడిప్రక్కనున్న దృశ్యము ఎడమ మెదడునకును, ఎడమప్రక్కది కుడి మెదడునకును చేరును. ఈ దారి తల వెనుకభాగమున ముగియును.

ఈ దారి పొడవునను సన్నని రక్తనాళములున్నవి. ఏండ్ల తరబడి వరద తాకిడికి కాలువగట్టు ఒకచోట తెగును; వేరొకచోట ఒండ్రు పేరుకొని కాలువ పూడును. జనులు బీపీ యను రక్తపుపోటు నాళములకు చేయు హానియు నట్టిదే. పలుమారు కొలిచినను పై అంకె 140 గాని, క్రింది అంకె 90 గాని, అంతకు మించి గాని యున్నచో అది అధికపు పోటు. నొప్పి లేదు గనుక రోగి యెరుగడు.

ఎడమ మెదడున దారి చెడినచో రెండు కన్నులకును కుడి సగము కానరాదు. అట్టివానికి తెలుగు పంక్తిలో తరువాతి మాట దొరకదు. కుడి మెదడున చెడినచో పంక్తి మొదలు దొరకదు. ఏ కన్ను మూసి చూచినను లోపము ఒకే ప్రక్క నుండును. అద్దములు మార్చినను అది తీరదు.

ఇంతకంటె వింత యొకటి కలదు. నెత్తురు అందక ఎడమ మెదడు వెనుకభాగము చెడిన యొక రోగిని గూర్చి పారిస్ వైద్యుడు డెజరీన్ 1892లో ప్రకటించెను. ఆతడు చక్కగ వ్రాయగలడు. తాను వ్రాసినదానినే చదువలేడు!

కావున చూపు సగము హఠాత్తుగ పోయినచో తెల్లవారనిమ్మని యుండరాదు. 108 వాహనమును పిలిచి, తలకు స్కానింగు తీయు ఆసుపత్రికి చేర్చవలెను. గడ్డను కరగించు మందు సాధారణముగ 4½ గంటలలోపుననే ఈయవలసియుండును. ఆలసించినకొలది నష్టము హెచ్చును.

అంతవరకు రానీయకుండుటయే మేలు. దినమునకు ఉప్పు ఒక చిన్న చెంచాకు, అనగా 5 గ్రాములకు మించరాదు. ఆవకాయ, ఎండుచేపలలోని ఉప్పును ఆ లెక్కలోనిదే. పొగాకు విడువవలెను. తల తేలికపడెనని వైద్యుని మాత్ర మానరాదు. ఈ జిల్లాలో ఉద్దానమున పలువురిని బాధించు మూత్రపిండ వ్యాధి గలవారు మరింత జాగరూకులు కావలెను. మూత్రపిండములు చెడినచో పోటు పెరుగును. పోటు పెరిగినచో అవి మరింత చెడును.

పుస్తకమునకు అట్ట వేసి కాపాడువారు, దానిని చదువు చూపును గూడ కాపాడుకొందురుగాక. ఏడాదికొకమారైన పెద్దలందరును పోటు కొలిపించుకొందురుగాక.