ఉక్కునగరమునకు క్రొత్త అంజనము



తెలుగు పల్లెలలో పూర్వము అంజనము వేసి చూచువారు ఉండెడివారు. తప్పిపోయిన పశువు ఎచ్చట నున్నదో, తాతలు పాతిపెట్టిన సొమ్ము ఏ గోడక్రింద నున్నదో కాటుకలో కనబడునని జనులు నమ్మిరి. ఆ నమ్మకమున సత్యమెంతయో ఇచ్చట విచారింప నక్కరలేదు. కాని దాని వెనుకనున్న కోరిక మాత్రము సహజమైనది. నేలక్రిందను, గోడ వెనుకను మరుగుపడిన దానిని త్రవ్వకయే, పగులగొట్టకయే చూడవలెనను కోరిక అది. నేడు నిర్మాణరంగమున ఒక యంత్రవిద్య ఆ కోరికను కొంతవరకు తీర్చుచున్నది. దానిని ఆగ్మెంటెడ్ రియాలిటీ అందురు. కంటికి కనబడు దృశ్యముపై, ఇంకను కట్టని దానినో, కట్టి కప్పివేసిన దానినో గీసి చూపుట దాని పని.

ఈ విద్యకు భిలాయిని నిదర్శనముగా గైకొనుట ఉచితము. కర్మాగారమును కట్టుట యెట్లో, కట్టినదానిని నడుపుచునే విప్పి మరల కట్టుట యెట్లో అరువదేండ్లకు పైగా నేర్చుకొనుచున్న నగరమది. అందు తెలుగువారి చెమటయు కలసియున్నది.

1955 ఫిబ్రవరి 2వ తేదీన భారత, సోవియట్ ప్రభుత్వములు ఒడంబడిక చేసికొనిన నాటికి భిలాయి దుర్గ్ పట్టణమునకు సమీపమున నొక పల్లె. నాలుగేండ్లకే, 1959 ఫిబ్రవరి 4వ తేదీన, రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ అచ్చట మొదటి బ్లాస్ట్ ఫర్నెసును ప్రారంభించిరి. ఏటికి 10 లక్షల టన్నుల ఉక్కు లక్ష్యముగా మొదలైన కర్మాగారము 1967లో 25 లక్షల టన్నులకును, 1988లో 40 లక్షల టన్నులకును విస్తరించెను. 2018లో 4,060 ఘనమీటర్ల పరిమాణము గల ఎనిమిదవ ఫర్నెసు పనిలోనికి వచ్చెను. ఆ యేడు జూన్ 14వ తేదీన ఆధునికీకరించిన కర్మాగారము జాతికి అంకితమయ్యెను. ఈ నడుమ, 2000 నవంబరు 1వ తేదీన, ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక రాష్ట్రమయ్యెను.

విజయనగరము నుండి పార్వతీపురము, రాయగడ, టిట్లాగఢ్‌ల మీదుగా రాయపూరు చేరు రైలుమార్గము 1931 నాటికే పూర్తియై యుండెను. ఆ దారినే ఉత్తరాంధ్రము నుండి తాపీ మేస్త్రీలు, ఫిట్టర్లు, వెల్డర్లు, మట్టిపనివారు భిలాయికి తరలివచ్చిరి. తట్ట నెత్తిన పెట్టుకొని వచ్చినవారి బిడ్డలు ఆ నగరపు బడులలో చదివి ఇంజనీర్లు, వైద్యులు, ఉపాధ్యాయులు అయిరి. 2016లో ఐ.ఐ.టి.యును అచ్చట వెలసెను.

ఆ తొలినాళ్ల చిత్రమును ఒకపరి తలచుకొనవలెను. సోవియట్ నిపుణునికి హిందీ రాదు. మట్టిపనివానికి రష్యను రాదు. నడుమ దుబాసీలు నిలువవలసి వచ్చెను. అయితే భాషలెన్నియున్నను అచ్చట అందరికంటె కష్టమైన భాష మరియొకటి కలదు. అదియే నక్షా. చదునైన కాగితముపై పై చూపు, ప్రక్క చూపు, కోత చూపు అని మూడు విధముల గీసిన గీతలను మనస్సులో కలిపి, నిలువెత్తు వస్తువుగా ఊహించుకొనుట అందరికిని చేతగాదు. నక్షా చదువగలవాడు ఇటుక పేర్చడు. ఇటుక పేర్చువాడు నక్షా చదువలేడు. ఈ ఇద్దరి నడుమ మేస్త్రీ వారధియయ్యెను. ఆనకట్టలు, కాలువలు, రహదారులు కట్టుటకై దేశమంతట తిరిగిన పాలమూరు కూలీల కథయు ఇట్టిదే. వారు కట్టిన దాని పూర్తి రూపము కట్టిన పిమ్మటనే వారి కంటబడినది.

ఈ చిక్కునకు తెలుగునాట ఒక చిన్న ఉపాయము ఏనాడో కనుగొనిరి. క్రొత్త ఇంటికి పునాది త్రవ్వుటకు ముందు మేస్త్రీ కొయ్యమేకులు పాతి, దారము బిగించి, మూలమట్టము సరిచూచి, సున్నపుపిండితో నేలపై ముగ్గు పోయును. ఇల్లాలు ఆ గీతలలో నిలిచి, “ఇది వంటిల్లయినచో పొయ్యి ఎచ్చట పెట్టుట? తలుపు ఇటు తిప్పు నాయనా” యని చెప్పును. గోడ లేచిన పిమ్మట ఆ మాట అన్నచో గునపము పట్టవలెను. ముగ్గులో నుండగా అన్నచో గీత చెరిపి మరల పోసిన చాలును. కాగితము చదువని ఇల్లాలు కూడ ఆ ముగ్గున తన ఇంటిని చూడగలిగెను. చూచి, తప్పు పట్టగలిగెను. ఆగ్మెంటెడ్ రియాలిటీ యనగా ఎత్తు కూడ కలిగిన ముగ్గు అని చెప్పినచో అందరికిని అర్థమగును.

ఆ పద్ధతి యెట్టిదనగా, ముందుగా కట్టడము యొక్క సంపూర్ణ రూపమును కంప్యూటరున సిద్ధము చేయుదురు. గోడలు, దూలములు, పైపులు, విద్యుత్తు కేబుళ్లు అన్నియు కొలతలతో అందుండును. పనివాడు కండ్లద్దములు ధరించియో, చేత పలక వంటి యంత్రమును పట్టియో స్థలమున నిలుచును. యంత్రములోని కెమెరా ఎదుటనున్న మూలలను, అంచులను గుర్తించుచు, తాను ఎచ్చట నున్నదియు ఎటు తిరిగినదియు క్షణక్షణము లెక్కకట్టును. స్థలమున ముందే అతికించిన గుర్తులతో ఆ లెక్కను సరిచూచుకొనును. పిమ్మట కంప్యూటరులోని రూపమును కంటి ఎదుటి దృశ్యముపై తగినచోట నిలుపును. పనివాడు నడచినను ఆ రూపము నేలకు నాటినట్లు కదలక యుండును. పిల్లలు 2016లో వీధులవెంట తిరిగి ఆడిన పోకిమాన్ గో ఆట ఈ విద్యకే చెందిన ఒక వినోదము.

ఈ విద్య నిన్న మొన్న పుట్టినది కాదు. 1968లో అమెరికాలో ఐవాన్ సదర్లండ్ అను శాస్త్రజ్ఞుడు తలకు తగిలించుకొను చూపుయంత్రమును చేసెను. బరువు మోయలేక దానిని పైకప్పునుండి వ్రేలాడదీయవలసి వచ్చెను. 1990 ప్రాంతమున బోయింగ్ విమాన సంస్థలో టామ్ కాడెల్ అను నతడు దీనికి ఆగ్మెంటెడ్ రియాలిటీ యను పేరు పెట్టెనని ప్రసిద్ధి. అచ్చటి సమస్యయు నక్షా సమస్యయే. విమానమునకు కావలసిన తీగల కట్టలను పెద్ద పలకలపై గీతల ననుసరించి పేర్చువారికి ఆ గీతలను కంటి ఎదుటనే చూపవలెనని ఆయన సంకల్పము. అనగా ఈ విద్యకు ఆ పేరు వచ్చినదే చేతిపనివాని కష్టమును తగ్గించుటకై. ఈ సంగతి మరువదగినది కాదు.

నిర్మాణమున దీని ప్రయోజనములు ముఖ్యముగా మూడు. మొదటిది, కాంక్రీటు పోయుటకు ముందు తనిఖీ. ఒక యంత్రపు పునాదిలో ఆంకర్ బోల్టు కొద్దిపాటి ప్రక్కకు తొలగినను యంత్రము కూర్చుండదు. గోడలో పైపునకు రంధ్రము విడువ మరచినచో పిమ్మట తొలువవలెను. కట్టవలసిన రూపమును కట్టినదానిపై నిలిపి చూచినచో లోపము అప్పుడే బయటపడును. రెండవది, శిక్షణ. ఏ వాల్వు ముందు మూయవలెనో, ఏ బోల్టు పిమ్మట విప్పవలెనో క్రొత్త పనివానికి ఆ వస్తువుపైననే చూపవచ్చును. మూడవది, భిలాయి వంటి పాత కర్మాగారములకు మిక్కిలి ముఖ్యమైనది: మరుగున ఉన్నదానిని ఎరుగుట.

ఉక్కు కర్మాగారమున ఫర్నెసు కనబడును, పొగగొట్టము కనబడును. కాని దానిని బ్రదికించు నీటిపైపులు, గ్యాసుపైపులు, కేబుళ్ల సొరంగములు అనేకము నేలక్రిందనో ఒకదాని చాటున ఒకటియో ఉండును. బ్లాస్ట్ ఫర్నెసు గ్యాసులోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. 2014 జూన్ 12వ తేదీన భిలాయిలో నీటి పంపుహౌసు ప్రాంతమున ఆ విషవాయువు వ్యాపించి ఆరుగురు మరణించిరి. 2018 అక్టోబరు 9వ తేదీన కోక్ ఓవెన్ గ్యాసు పైపులైనుపై పని జరుగుచుండగా మంటలు లేచి పదిమందికి పైగా అసువులు బాసిరి. కండ్లద్దములు ఉండినచో ఆ ప్రాణములు నిలిచెడివని ఎవ్వరును చెప్పజాలరు. అట్లు చెప్పుట మృతులకు గౌరవమును కాదు. కాని ఏ పైపున ఏమి ప్రవహించుచున్నది, దానిని మూయు వాల్వు ఎచ్చట నున్నది, తప్పించుకొను దారి యెటు అను మూడు ప్రశ్నలకు జవాబు పనివాని కంటి ఎదుట ఉండవలెననుట మాత్రము నిర్వివాదము.

ఇది కర్మాగారములకే పరిమితమైన చిక్కు కాదు. ఒక శాఖవారు వేసిన కేబులును మరియొక శాఖవారు త్రవ్వి తెంపుట ప్రతి పట్టణమున కనబడు వింత. అందులకే కేంద్ర ప్రభుత్వము 2023 మార్చి 22వ తేదీన “కాల్ బిఫోర్ యు డిగ్” అను యాప్‌ను ప్రారంభించెను. త్రవ్వువారు ముందుగా తెలిపినచో, ఆ నేలక్రింద ఆస్తులున్న సంస్థలకు వార్త చేరును. అంజనమునకు ఇది తొలిమెట్టు.

ఇక దోషములను దాచరాదు. మహాభారతమున మయుడు కట్టిన సభలో దుర్యోధనుడు నేలను నీరని తలచి వస్త్రము ఎగగట్టెను. నీటిని నేలయని తలచి మడుగున పడెను. కన్ను మోసపోయినచో రాజరాజునకే ఆ గతి పట్టినది. యంత్రము లెక్కలో కొంచెము తడబడినచో, పైపు ఉన్నచోట లేనట్లును, లేనిచోట ఉన్నట్లును చూపును. ఇనుము రాశులుగా ఉన్నచోట దిక్సూచి నమ్మదగదు. కప్పుక్రింద ఉపగ్రహముల సంకేతము అందదు. దుమ్ము, ఆవిరి, కరిగిన లోహపు వెలుగు కెమెరాను తికమకపెట్టును. గ్యాసు అంటుకొను అవకాశమున్న ప్రదేశములకు నిప్పురవ్వ రానీయని రీతిగా ధ్రువీకరింపబడిన పరికరములనే కొనిపోవలెను. కంటి ఎదుట బొమ్మ నిలిచినచో కాలిక్రింది గోతిని మరచుటయు కలదు. కనుక రసమట్టమును, కొలతటేపును, గ్యాసు కొలుచు పరికరమును ప్రక్కనబెట్టి అద్దములనే నమ్ముట అవివేకము.

అన్నిటికంటె పెద్ద దోషము యంత్రములో లేదు, బీరువాలో ఉన్నది. అద్దములు చూపునది నేల లోపలి సత్యము కాదు. రికార్డులో వ్రాసిన దానినే చూపును. నక్షాలో గీసినది ఒకటి, నేలలో వేసినది వేరొకటి యైనచో, ఈ క్రొత్త విద్య ఆ అబద్ధమునకు రంగులద్ది మరింత నమ్మించును. కట్టునప్పుడు రాయి అడ్డము వచ్చి పైపును నాలుగడుగులు ప్రక్కకు జరిపియుందురు. మరమ్మతున పాతదానిని విడిచి క్రొత్తది వేసియుందురు. ఆ మార్పు నక్షాపై ఎక్కకపోయినచో అది ఒక్కచోటనే నిలుచును: ఆ పని చేసిన ఫిట్టరు జ్ఞాపకమున. అతడు పదవీ విరమణ చేసి స్వగ్రామమునకు బండి ఎక్కిన దినమున ఆ జ్ఞానమును అతనితోడనే బండి ఎక్కును.

ఇచ్చటనే కార్యాలయములలో పనిచేయువారి బాధ్యత కలదు. కట్టడము ముగిసినప్పుడు, నిజముగా కట్టినదానిని కట్టినట్లు చూపు నక్షాను కాంట్రాక్టరునుండి గైకొనుట అనేక ఒప్పందములలో ఉన్న నియమమే. కాని ఆఖరు బిల్లు తొందరలో పాత నక్షాపైననే సంతకము పడినచో, ఆ కాగితము ముప్పది యేండ్లకు ఒకని ప్రాణము మీదికి వచ్చును. స్థలమున కొలిచి సరిచూడనిదే ఆ నక్షాను అంగీకరింపరాదు. ఫైలుపై గుమాస్తా పెట్టు టిక్కు ఎచ్చటనో ఒక వెల్డరునకు రక్షయగును.

పైగా అద్దములు అశాశ్వతములు. మైక్రోసాఫ్ట్ సంస్థ 2016లో హోలోలెన్స్ అను అద్దములను విడుదల చేసెను. 2019లో రెండవ రూపము వచ్చెను. నిర్మాణస్థలములకై ట్రింబుల్ సంస్థ దానిని హెల్మెట్టునకు అమర్చెను. 2024లో హోలోలెన్స్ తయారీయే నిలిచిపోయెను. ఇట్లు నేటి యంత్రము రేపు ఉండకపోవచ్చును. సత్యమైన నక్షా మాత్రము ఏ యంత్రమునకైనను పనికివచ్చును. ధనము వెచ్చించు శాఖలు ముందుగా కొలతలకు, రికార్డులకు వెచ్చించి, ఆ పిమ్మట అద్దములను కొనుట వివేకము.

సోదర సోదరీమణులారా! భిలాయిలోను, అట్టి ఇతర నగరములలోను పనిచేసి విశ్రమించిన తెలుగు పెద్దలు అనేక కుటుంబములలో ఉన్నారు. సాయంకాలము అరుగుపై కూర్చుండి, “ఆ మూడవ షెడ్డు వెనుక పాత నీటిపైపు మలుపు మాకే తెలియును” అని వారు చెప్పు మాటను మనుమలు కథగా వినుచున్నారు. అది కథ కాదు, ఆస్తి. కర్మాగార భద్రత దృష్ట్యా దానిని వీధిలో చాటనక్కరలేదు. తగిన అధికారులకు అందునట్లు వ్రాయించి, కొలిపించి, నక్షాకు ఎక్కింపవలెను. రష్యను మాటను తెలుగు చేతులకు అందించిన మేస్త్రీలు నాడు ఒక వారధి కట్టిరి. వారి చేతులు ఎరిగినదానిని నేటి యంత్రపు కంటికి అందించుట రెండవ వారధి. దానిని కట్టవలసినది నేటి తరము. అది కట్టిననాడు అంజనము నిజమగును. ఉదయము షిఫ్టునకు పోయిన ప్రతివాడును సాయంకాలము ఇల్లు చేరును.

స్వస్తి.