ఆఫీసు భాష వేరు, పీఎంపీ పరీక్ష భాష వేరు

ఈ ఎపిసోడ్ పీఎంపీ సర్టిఫికేషన్‌కి ప్రిపేర్ అవుతున్న వాళ్ల కోసం. మైండ్‌స్పేస్‌లో పనిచేసే ఒక అక్క మెసేజ్ పెట్టారు: "ఎనిమిదేళ్లుగా ప్రాజెక్టులు నడిపిస్తున్నాను, డెఫినిషన్లన్నీ కంఠతా వచ్చు. అయినా మాక్ టెస్టుల్లో చివరి రెండు ఆప్షన్ల దగ్గర ఆగిపోతున్నాను." ఫీజు మన జేబులోంచే పోతుంది, చదివేది షిఫ్ట్ అయ్యాక నిద్ర మానుకుని. కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

కారణం ఏంటంటే, ఆఫీసులో మనం మాటల్ని లూజ్‌గా వాడతాం. స్టాండప్‌లో "రిస్క్ ఉంది" అన్నా, "ఇష్యూ ఉంది" అన్నా మేనేజర్‌కి ఒకేలా వినిపిస్తుంది. పరీక్షలో అలా కాదు. 2021లో వచ్చిన ప్యాటర్న్ చూడండి: 180 ప్రశ్నలు, 230 నిమిషాలు. ఒక్కో ప్రశ్నకి సుమారు 77 సెకన్లు. చాలా ప్రశ్నలు "ఇప్పుడు ప్రాజెక్ట్ మేనేజర్ ఏం చేయాలి?" అనే అడుగుతాయి. అందుకే పదానికి అర్థం ఒక్కటే నేర్చుకుంటే సరిపోదు. ఆ పదం వచ్చినప్పుడు ఎవరు ఏం చేయాలో కూడా నేర్చుకోవాలి.

మనందరికీ తెలిసిన మెట్రోతో మొదలుపెడదాం. 2019 మార్చి 20న అమీర్‌పేట్ నుంచి హైటెక్ సిటీకి రైళ్లు మొదలయ్యాయి. కానీ చివర్లో రైలు వెనక్కి తిరగడానికి కావాల్సిన ట్రాక్ అప్పటికి రెడీ కాలేదు. అందుకే జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాటాక ఒకే లైన్ మీద నడిపారు. "ఆ ట్రాక్ లేట్ అవ్వచ్చు" అనుకున్నంతవరకు అది రిస్క్, రిస్క్ రిజిస్టర్‌లో ఉంటుంది. నిజంగా లేట్ అయితే అది ఇష్యూ, ఇష్యూ లాగ్‌లోకి వస్తుంది. ఒకే లైన్ ఉపాయం ముందే రాసిపెట్టుకున్నదైతే కంటిన్జెన్సీ ప్లాన్. అప్పటికప్పుడు ఆలోచించిందైతే వర్క్‌అరౌండ్. పని ఒకటే, పేరు మాత్రం ముందే అనుకున్నామా లేదా అన్నదాన్ని బట్టి మారుతుంది.

రెండో జంట: కంటిన్జెన్సీ రిజర్వ్, మేనేజ్‌మెంట్ రిజర్వ్. జూలైలో వానలకి తవ్వకం ఆగొచ్చని హైదరాబాద్‌లో ఎవరికి తెలియదు? అలా ముందే గుర్తించిన రిస్కులకి పెట్టే డబ్బు కంటిన్జెన్సీ. అది కాస్ట్ బేస్‌లైన్‌లోనే ఉంటుంది, ప్రాజెక్ట్ మేనేజర్ వాడుకోవచ్చు. 2020లో కోవిడ్ వల్ల మెట్రో మార్చి నుంచి సెప్టెంబర్ దాకా ఆగిపోయింది. 2019లో ప్లాన్ రాసుకున్నవాళ్లు అలాంటిది ఊహిస్తారా? అసలు ఊహించనివాటికి పెట్టేది మేనేజ్‌మెంట్ రిజర్వ్. అది బేస్‌లైన్ బయట ఉంటుంది, పైవాళ్ల అనుమతి కావాలి. కాబట్టి ప్రశ్నలో "ముందే గుర్తించిన" అనే మాట ఉందా లేదా అని చూడండి. జవాబు అక్కడే ఉంటుంది.

మూడోది సాఫ్ట్‌వేర్ వాళ్లని బాగా ఇబ్బంది పెడుతుంది. టెస్టింగ్ ఇంటర్వ్యూలకి మనం ఏం చదివాం? వెరిఫికేషన్ అంటే రివ్యూలు, వాలిడేషన్ అంటే కోడ్ రన్ చేసి చూడటం. పీఎంబాక్ గైడ్ ఆరో ఎడిషన్ పద్ధతి వేరు. మన క్యూఏ టీమ్ టెస్ట్ చేసి "కరెక్ట్‌గా ఉంది" అంటే అది వెరిఫైడ్ డెలివరబుల్, అంటే కంట్రోల్ క్వాలిటీ. అదే డెలివరబుల్‌ని క్లయింట్ యూఏటీలో చూసి సైన్ ఆఫ్ ఇస్తే యాక్సెప్టెడ్ డెలివరబుల్, అంటే వాలిడేట్ స్కోప్. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఓకే చెప్పింది మనమా, కస్టమరా?

ఈ వారం ఒక పని చేయండి. మీరు తప్పు చేసిన మాక్ ప్రశ్నల్లోంచి పది జంటలు తీసి నోట్‌బుక్‌లో రాయండి. డెఫినిషన్ వద్దు. ఒక్కో జంటకి మూడే ప్రశ్నలు: ఇది జరిగిందా, జరగొచ్చా? నిర్ణయం ఎవరిది? ఏ డాక్యుమెంట్‌లోకి వెళ్తుంది? ఉదాహరణలు మాత్రం మీ ప్రాజెక్ట్‌లోంచే తీసుకోండి, పుస్తకంలోవి పరీక్ష హాల్లో గుర్తుకు రావు.

వచ్చే ఎపిసోడ్‌లో అజంప్షన్, కన్‌స్ట్రెయింట్ గురించి మాట్లాడుకుందాం. అంతవరకు బాగా చదవండి, కాస్త నిద్ర కూడా పోండి. బై!